పాత మిల్లింగ్ మెషీన్‌కు డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను కంట్రోలర్‌గా అమర్చడం

బెంగళూరు పీణ్యలోని షెడ్లలోనూ బొమ్మసంద్ర చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపుల్లోనూ, యంత్రభాగం బాగుండి కంట్రోలర్ మాత్రమే పోయిన సిఎన్‌సి (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) మెషీన్లు తరచుగా కనిపిస్తాయి. స్లైడ్లు అరగలేదు, టేబుల్‌ను జరిపే బాల్‌స్క్రూలలో ప్లే (వదులు) లేదు, స్పిండిల్ శబ్దం లేకుండా తిరుగుతుంది. కానీ కంట్రోలర్ బోర్డు కాలిపోయింది, దాని విడిభాగాలు దొరకడం లేదు, కొత్త కంట్రోలర్ ధర అడిగితే మెషీన్ విలువను మించిపోతోంది. 1953లో ప్రభుత్వ మెషీన్ టూల్ సంస్థ హెచ్‌ఎంటీ ప్రారంభమైన ఈ నగరంలో దశాబ్దాల పాటు తయారైన మెషీన్లకు బరువైన, నమ్మదగిన పోత బాడీలు ఉన్నాయి. వాటిని తుక్కు కింద తూకానికి అమ్మడం నిజమైన నష్టం. అటువంటి మెషీన్‌ను మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్‌తో నడపడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపుల నుంచి వచ్చి ఇక్కడి షాప్‌ఫ్లోర్‌లలో పనిచేస్తున్న మనవారికి ప్యానెల్ వైరింగు తెలుసు, మెషీన్ కదలికలను రాసే జి-కోడ్ తెలుసు. వారిలో చాలామందికి కొత్తగా ఉండేది ఈ రెండింటి నడుమ కూర్చునే కంప్యూటర్ ప్రవర్తన. కనుక ఎక్కువ చోటు దానికే కేటాయించాను.

పని మొదలుపెట్టే ముందు ఒక షరతు. ప్రతి యాక్సిస్‌కూ (కదిలే దిశకూ) డయల్ గేజ్ పెట్టి, టేబుల్‌ను రెండు దిక్కులకూ కదిపి ప్లే ఎంత ఉందో చూడండి. అది ఒక మిల్లీమీటరులో పదో వంతును దాటితే కంట్రోలర్ సంగతి పక్కన పెట్టి, ముందు స్క్రూ నట్టు, థ్రస్ట్ బేరింగులు, స్లైడ్ల వదులును సరిచేసే గిబ్‌లు సరిచేయించాలి. ఇనుములోని లోపాన్ని సాఫ్ట్‌వేర్ దాచగలదు గానీ తీసివేయలేదు. దాచిన లోపం జాబ్ ఫినిష్ మీద బయటపడుతుంది.

మనం వాడబోయే సాఫ్ట్‌వేర్ పేరు లినక్స్‌సిఎన్‌సి. 1990లలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్‌లో ‘ఎన్‌హాన్స్‌డ్ మెషీన్ కంట్రోలర్’ అనే పేరుతో మొదలై, ప్రభుత్వం తయారుచేసినది కావడం వల్ల అందరికీ స్వేచ్ఛగా అందుబాటులోకి వచ్చి, తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్ల చేతుల్లో ఈఎంసీ2గా ఎదిగి, ఆ మూడక్షరాల పేరు విషయంలో ట్రేడ్‌మార్క్ అభ్యంతరం రావడంతో 2011లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. దీనికి లైసెన్సు రుసుము లేదు, డాంగిల్ లేదు. అంతకంటే ముఖ్యమైనది, లోపల ఏ సిగ్నల్ ఎక్కడికి పోతుందో చివరి వరకూ మీరే చూడవచ్చు, మార్చవచ్చు. పదేళ్ల తర్వాత మెషీన్ ఆగినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

కంప్యూటర్ నుంచి మనకు కావలసినది

ఒక్కో పల్సుకు ఒక్కో స్టెప్ తిరిగే స్టెప్పర్ మోటారు, ఒక్కో స్టెప్‌ను ఎనిమిది మైక్రోస్టెప్పులుగా విభజించే డ్రైవ్, 5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న బాల్‌స్క్రూ అనుకుందాం. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, మైక్రోస్టెప్పులతో కలిపి 1600 పల్సులు. అంటే ఒక మిల్లీమీటరుకు 320 పల్సులు. ర్యాపిడ్ వేగం (కోత లేనప్పటి వేగం) నిమిషానికి 3000 మిల్లీమీటర్లు కావాలంటే సెకనుకు 50 మిల్లీమీటర్లు, అనగా సెకనుకు 16,000 పల్సులు పంపాలి. ఒక్కో పల్సుకు మధ్య దూరం 62.5 మైక్రోసెకన్లు. ఇప్పటి ఏ ప్రాసెసర్‌కైనా ఇది చాలా తీరికైన పని. అయితే ఆ ప్రాసెసర్ ఒక్కసారి, గంటలో ఒకే ఒక్కసారి, డిస్క్ పనిలోనో స్క్రీన్ గీయడంలోనో పడి కొన్ని వందల మైక్రోసెకన్లు ఆలస్యం చేస్తే, ఆ లోపల అందాల్సిన పల్సులు మోటారుకు అందవు. పూర్తి వేగంలో తిరుగుతున్న రోటర్ అంత సేపు నిలిచి మళ్లీ అదే వేగాన్ని అందుకోలేదు. అది లయ తప్పి కీచుమని ఆగిపోతుంది. తిరుగుడును కొలిచి చెప్పే ఎన్‌కోడర్ లేని మోటారు కనుక ఆగిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు. అది ప్రోగ్రామ్‌ను కొనసాగిస్తుంది, టూల్ తప్పుడు చోట దిగుతుంది.

అందువల్ల మెషీన్ నడిపే కంప్యూటర్‌ను సగటు వేగాన్ని బట్టి ఎంచకూడదు. అది అత్యంత చెడ్డ క్షణంలో ఎంత ఆలస్యం చేస్తుందో, ఆ అంకె ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మామూలు విండోస్ గానీ మామూలు లినక్స్ గానీ ఈ ఆలస్యానికి పైహద్దు ఏమీ హామీ ఇవ్వవు. అవి మొత్తం మీద ఎక్కువ పని జరిగేలా చూస్తాయి తప్ప, ఫలానా పని ఫలానా క్షణానికి జరగాలనే పట్టుదలతో తయారు కాలేదు. ప్రీఎంప్ట్-ఆర్‌టి అనే మార్పులు చేసిన లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగంలో), అతి ముఖ్యమైన పనికి వేళ అయినప్పుడు దాదాపు ఏ పనినైనా మధ్యలో ఆపి దానికి దారి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. చాలా ఏళ్ల పాటు విడి ప్యాచ్‌గా నడిచిన ఈ మార్పులు 2024లో 6.12 వెర్షన్‌తో లినక్స్ ప్రధాన కెర్నెల్‌లో భాగమయ్యాయి. లినక్స్‌సిఎన్‌సి వారు ఇచ్చే డెబియన్ ఆధారిత ఐఎస్‌ఓ ఫైలులో రియల్‌టైమ్ కెర్నెల్ ముందే అమర్చి ఉంటుంది గనుక మీరు కెర్నెల్ తయారుచేసుకోనవసరం లేదు.

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే చేయవలసిన పరీక్ష

డ్రైవ్‌లు, కార్డులు, మోటార్లు కొనడానికి ముందే కంప్యూటర్‌ను పరీక్షించాలి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో దొరికే సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు ఈ పనికి సాధారణంగా సరిపోతాయి. 4 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎంచుకోకండి. బ్యాటరీని ఆదా చేయడానికీ వేడిని అదుపులో ఉంచడానికీ దాని ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా చెప్పకుండా ప్రాసెసర్‌ను కాసేపు తన పనికి లాక్కుంటుంది. ఆ అంతరాయాలను ఏ కెర్నెలూ ఆపలేదు. దుకాణదారు ఒప్పుకుంటే ఐఎస్‌ఓ రాసిన పెన్‌డ్రైవ్‌ను వెంట తీసుకువెళ్లి, అక్కడే లైవ్‌గా బూట్ చేసి కాసేపు చూడడం ఉత్తమం. అదే మోడల్ అయినా మదర్‌బోర్డు, బయోస్ వెర్షన్ మారితే ఫలితం మారుతుంది.

ముందు బయోస్‌లోకి వెళ్లి హైపర్‌థ్రెడింగ్‌ను, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి పెంచే స్పీడ్‌స్టెప్‌ను, నిద్రావస్థలైన సి-స్టేట్స్‌ను ఆపివేయండి. వాడని ఆడియో, బ్లూటూత్, వైఫైలను కూడా ఆపండి. తర్వాత లినక్స్‌లోకి బూట్ చేసి, సిఎన్‌సి మెనూలో ఉండే లేటెన్సీ-హిస్టోగ్రామ్ ప్రోగ్రామ్‌ను తెరవండి. అది రెండు థ్రెడ్లను, అంటే నిర్ణీత వేళకు మళ్లీ మళ్లీ నడిచే పనులను చూపిస్తుంది: 25 మైక్రోసెకన్లకు ఒకసారి నడిచే బేస్ థ్రెడ్, ఒక మిల్లీసెకనుకు ఒకసారి నడిచే సర్వో థ్రెడ్. ప్రతిసారీ అనుకున్న సమయానికీ నిజంగా మొదలైన సమయానికీ ఉన్న తేడాను నానోసెకన్లలో గ్రాఫుగా గీస్తుంది.

ఇప్పుడు ఆ కంప్యూటర్‌ను వీలైనంత కష్టపెట్టండి. బ్రౌజర్‌లో వీడియో నడపండి, పెద్ద ఫైళ్లను పెన్‌డ్రైవ్‌కూ తిరిగి డిస్కుకూ కాపీ చేయండి, విండోలను స్క్రీన్ అంతా లాగండి, జిఎల్ఎక్స్‌గేర్స్ అనే గ్రాఫిక్స్ ప్రోగ్రామ్‌ను నాలుగైదు కాపీలుగా ఒకేసారి తెరవండి. ఐదు నిమిషాల్లో వచ్చిన అంకెను నమ్మవద్దు. కొన్ని ఫర్మ్‌వేర్ అంతరాయాలు చాలా నిమిషాలకు ఒకసారి వస్తాయి. కనీసం ఒక పూట, వీలైతే రాత్రంతా వదిలివేయాలి. చివరకు చూడవలసింది గరిష్ఠ జిట్టర్ అనే అంకె, అంటే ఆ తేడాల్లో అతి పెద్దది. సగటును పట్టించుకోనక్కర్లేదు.

గరిష్ఠం 15,000 నుంచి 20,000 నానోసెకన్ల లోపల, అంటే 20 మైక్రోసెకన్ల లోపల ఉంటే ఆ కంప్యూటర్ తానే పల్సులు తయారుచేయడానికి కూడా తగినది. 30 నుంచి 50 మైక్రోసెకన్లు ఉంటే పని జరుగుతుంది గానీ ర్యాపిడ్ వేగం నిరాశపరుస్తుంది. 100 దాటితే పల్సుల పని దానికి అప్పగించకూడదు. బయటి కార్డుతో మాత్రం వాడుకోవచ్చు. ఒక మిల్లీసెకను దాటితే ఆ కంప్యూటర్‌ను బిల్లులు రాసుకోవడానికి ఉంచుకోవడం మంచిది. హద్దుకు దగ్గరలో ఉన్నదాన్ని కొంత మెరుగుపరచవచ్చు: బూట్ లైనులో ఐసోల్‌సిపియుస్ అనే సూచనతో ఒక కోర్‌ను మిగిలిన పనులన్నిటి నుంచీ విడదీసి రియల్‌టైమ్ థ్రెడ్లకే ఇవ్వడం, ప్రాసెసర్ గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చడం, గ్రాఫిక్స్ వల్లనే ఆలస్యం వస్తోందని తేలితే వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టి చూడడం. ఒకసారికి ఒకే మార్పు చేసి, ప్రతి మార్పు తర్వాత అదే భారంతో అంతే సేపు పరీక్షించాలి. లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

పల్సులు ఎవరు తయారుచేయాలి

ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది ఒకప్పుడు ప్రింటర్లను కలిపిన పాత ప్యారలల్ పోర్టు. బేస్ థ్రెడ్ ప్రతి 25 మైక్రోసెకన్లకు లేచి, పోర్టు పిన్నును పైకి గానీ కిందికి గానీ మారుస్తుంది. ఒక పల్సుకు పైకి ఒకసారి, కిందికి ఒకసారి కావాలి కనుక సెకనుకు గరిష్ఠంగా 20,000 పల్సులు వస్తాయి. అదే పీరియడ్‌లో పిన్నును వెనక్కి దించే రీసెట్ సదుపాయం వాడితే 40,000 వరకూ వెళ్లవచ్చు. మన 16,000కు ఇది చాలునని అనిపిస్తుంది. కానీ పల్సులు 25 మైక్రోసెకన్ల గుణిజాల వద్ద మాత్రమే పడగలవు. మనకు కావలసిన 62.5 అందులో లేదు; కనుక ఒక పల్సు 50కి, ఇంకొకటి 75కి పడుతూ సగటున 62.5 అవుతుంది. మోటారుకు సగటు తెలియదు. ఒక క్షణం నిమిషానికి 3750 మిల్లీమీటర్ల వేగపు పల్సు, మరుక్షణం 2500 మిల్లీమీటర్ల వేగపు పల్సు అందుకున్నట్లే దానికి. కంప్యూటర్ జిట్టర్ సున్నా అయినా ఈ ఊగులాట ఉంటుంది, అసలు జిట్టర్ దీనిపై అదనం. మోటారు గరగరమనడానికీ, కేటలాగులో చెప్పిన టార్క్ పై వేగాల్లో రాకపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. మోటారు చిన్నదనుకుని పెద్దది కొనేవారు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

రెండో దారి ఎఫ్‌పీజీఏ (ప్రోగ్రామ్ చేయదగిన చిప్) ఉన్న కార్డు. లినక్స్‌సిఎన్‌సి వాడేవారిలో ఎక్కువగా కనిపించేవి మెసా కార్డులు. వీటిలో కంప్యూటర్ ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి ‘ఈ యాక్సిస్ ఈ వేగంతో నడవాలి’ అని చెబుతుంది. పల్సుల మధ్య దూరాన్ని కార్డులోని హార్డ్‌వేర్ తన గడియారంతో పదుల నానోసెకన్ల ఖచ్చితత్వంతో కొలిచి పంపుతుంది. కంప్యూటర్ యాభై మైక్రోసెకన్లు ఆలస్యమైనా పల్సులు ఆగవు, ముందు చెప్పిన వేగంతోనే వస్తూ ఉంటాయి. 7ఐ96ఎస్ అనే కార్డులో ఐదు యాక్సిస్‌లకు స్టెప్-డైరెక్షన్ అవుట్‌పుట్‌లు, 11 ఇన్‌పుట్‌లు, 6 అవుట్‌పుట్‌లు ఉన్నాయి. చిన్న మిల్లింగ్ మెషీన్‌కు అది సరిపోతుంది. టూల్ ఛేంజర్, కూలెంట్, లూబ్రికేషన్, డోర్ స్విచ్‌లు అన్నీ ఉన్న మెషీన్‌కు 32 ఇన్‌పుట్‌లు, 16 అవుట్‌పుట్‌లు గల 7ఐ76ఈ మేలు. పాత మెషీన్‌లో ఎన్‌కోడర్‌తో నడిచే డీసీ సర్వో మోటార్లు, వాటి ప్లస్ మైనస్ 10 వోల్టుల డ్రైవ్‌లు ఇంకా పనిచేస్తూ ఉంటే వాటిని పారేయకండి. 7ఐ77 వంటి అనలాగ్ ఇంటర్‌ఫేస్ ద్వారా వాటినే నడిపి, ఎన్‌కోడర్లను చదివించి, ఆ రీడింగును బట్టి స్థానాన్ని సరిదిద్దే పొజిషన్ లూప్‌ను లినక్స్‌సిఎన్‌సిలోనే పూర్తిచేయవచ్చు. వర్క్‌షాపులో డబ్బు సంపాదించే మెషీన్ అయితే కార్డు ఖర్చు వద్దనుకోవడం తప్పుడు పొదుపు అని నా అభిప్రాయం. ప్యారలల్ పోర్టు నేర్చుకోవడానికీ, చిన్న రౌటర్‌కూ బాగుంటుంది. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుళ్లు మాత్రం ఏ పనికీ రావు. యూఎస్‌బీ మీదుగా పిన్నులను ఆ సమయపాలనతో నడపడం కుదరదు.

ఈథర్‌నెట్ కార్డు ఎంచుకుంటే కంప్యూటర్‌లో ఒక నెట్‌వర్క్ పోర్టును పూర్తిగా దానికే వదిలేయాలి. మధ్యలో స్విచ్ గానీ రౌటర్ గానీ ఉండకూడదు, నేరుగా ఒకే కేబుల్. మెసా కార్డు జంపర్ స్థానాన్ని బట్టి 192.168.1.121 అనో 10.10.10.10 అనో చిరునామా తీసుకుంటుంది. షెడ్డు వైఫై రౌటర్ తరచుగా 192.168.1 వరుసనే వాడుతుంది గనుక రెండోదాన్ని ఎంచుకుని, కంప్యూటర్ పోర్టుకు 10.10.10.1 అని స్థిరంగా ఇవ్వండి. పింగ్ చేసి చూస్తే జవాబు మిల్లీసెకనులో కొద్ది వంతుల్లోనే రావాలి. ఇంటెల్ నెట్‌వర్క్ చిప్‌లలో ప్యాకెట్లను కాసేపు పోగుచేసి ఒకేసారి అందించే అలవాటు ఉంటుంది. ఈథ్‌టూల్ ద్వారా ఆ విరామాన్ని సున్నా చేయాలి. దీన్ని మరిచిపోతే మెషీన్ బాగానే నడుస్తూ నడుస్తూ, ఒక్కసారిగా ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ అంటూ ఆగుతుంది.

వైరింగు: ఎమర్జెన్సీ స్టాప్‌తో మొదలు

మోటారుకు తీగ కలపక ముందే ఎమర్జెన్సీ స్టాప్ వలయం పూర్తి కావాలి. ఎర్ర బటన్ నొక్కితే కాంటాక్టర్ (పవర్ కలిపే పెద్ద రిలే) పడిపోయి డ్రైవ్‌ల పవర్ తెగాలి. ఆ దారిలో కంప్యూటర్ ఉండకూడదు, సాఫ్ట్‌వేర్ ఉండకూడదు, ఎఫ్‌పీజీఏ కార్డు కూడా ఉండకూడదు. నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులను వరుసగా కలిపిన 24 వోల్టుల వలయమే కాంటాక్టర్ కాయిల్‌ను పట్టి ఉంచాలి. ఎక్కడ తీగ తెగినా, టెర్మినల్ వదులైనా అది పడిపోవాలి. బటన్ నొక్కిన సంగతి వేరొక కాంటాక్టు ద్వారా కంప్యూటర్‌కు తెలిస్తే చాలు. మరో వైపు, కంప్యూటర్ స్తంభించిన సందర్భం కూడా ఈ వలయాన్ని తెంచాలి. మెసా కార్డులలోని వాచ్‌డాగ్ కొద్ది మిల్లీసెకన్ల పాటు కంప్యూటర్ నుంచి మాట రాకపోతే అవుట్‌పుట్‌లన్నిటినీ వదిలేస్తుంది. ఆ అవుట్‌పుట్‌లలో ఒకదానితో నడిచే రిలే కాంటాక్టును ఇదే వరుసలో చేర్చండి. ప్యారలల్ పోర్టుతో అయితే, కంప్యూటర్ నడుస్తోందని చెప్పే ఛార్జ్ పంప్ సిగ్నల్ ఇదే పని చేస్తుంది.

జెడ్ యాక్సిస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బాల్‌స్క్రూ తనంత తాను బిగుసుకోదు. పవర్ పోయిన మరుక్షణం హెడ్ బరువుకు స్క్రూ తిరిగి టూల్ జాబ్‌లోకి, లేదా కింద ఉన్న చేతిమీదికి దిగుతుంది. బ్రేక్ ఉన్న మోటారు గానీ, కౌంటర్‌వెయిట్ గానీ తప్పనిసరి. బ్రేక్ కాయిల్‌కు పవర్ ఉన్నప్పుడు విడిచి, పవర్ పోగానే పట్టుకునే రకం కావాలి.

బెస్కామ్ (బెంగళూరు విద్యుత్ సంస్థ) సరఫరా పోయి జనరేటర్‌కు మారే కొద్ది సెకన్ల గురించి ముందే ఆలోచించాలి. కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టి డ్రైవ్‌లను మెయిన్స్ మీద వదిలితే, కరెంటు పోయినప్పుడు డ్రైవ్‌లు ఆగిపోతాయి, కంప్యూటర్ మాత్రం జాబ్ నడుస్తోందనే అనుకుంటూ లెక్క పెంచుకుంటూ పోతుంది. కరెంటు తిరిగి రాగానే టేబుల్ ఒక చోట, తెరమీది అంకెలు ఒక చోట ఉంటాయి. కాంటాక్టర్ సహాయక కాంటాక్టు నుంచి ‘డ్రైవ్ పవర్ ఉంది’ అనే సిగ్నల్‌ను కంప్యూటర్‌కు ఇచ్చి, అది పోగానే లినక్స్‌సిఎన్‌సి ఎమర్జెన్సీ స్థితిలోకి వెళ్లేలా చేయండి. కాంటాక్టర్ తనంత తాను మళ్లీ పట్టుకోకూడదు, ఆపరేటర్ బటన్ నొక్కాలి. ఆ తర్వాత హోమింగ్ (స్విచ్‌లను తాకి మూల స్థానాన్ని కనుగొనడం) మళ్లీ చేయించాలి.

స్పిండిల్ వేగాన్ని మార్చే డ్రైవ్ అయిన వీఎఫ్‌డీ ఈ ప్యానెల్‌లో అతి పెద్ద నాయిస్ మూలం. దాని మోటారు కేబుల్ షీల్డ్ ఉన్నదై ఉండాలి, సిగ్నల్ తీగలతో ఒకే డక్ట్‌లో పోకూడదు, దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి. లిమిట్ స్విచ్‌లకూ ప్రాక్సిమిటీలకూ 5 వోల్టులు కాకుండా 24 వోల్టులు వాడండి. ఎన్‌కోడర్, స్టెప్ తీగలు ట్విస్టెడ్ పెయిర్‌లో, డిఫరెన్షియల్‌గా పోవాలి. ఎర్తింగు తీగలన్నీ ప్యానెల్‌లో ఒకే బస్‌బార్ వద్ద కలవాలి. ఒక పరికరం నుంచి ఇంకొక పరికరానికి గొలుసుగా కలుపుకుంటూ పోవద్దు. స్పిండిల్ తిరిగినప్పుడు మాత్రమే లిమిట్ స్విచ్ నొక్కినట్లు కనిపిస్తే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు.

సెట్టింగులు

ప్యారలల్ పోర్టుకు స్టెప్‌కాన్ఫ్, మెసాకు పీఎన్‌సీకాన్ఫ్ అనే విజార్డులు మొదటి కాన్ఫిగరేషన్‌ను తయారుచేసి ఇస్తాయి. వాటి నుంచి రెండు ఫైళ్లు వస్తాయి. ఐఎన్ఐ ఫైలులో మెషీన్ అంకెలు ఉంటాయి: వేగాలు, యాక్సిలరేషన్, ట్రావెల్ హద్దులు, హోమింగ్. హాల్ ఫైలులో తీగలు ఉంటాయి. ప్యానెల్‌లో ఫెరూల్ నంబరు వేసి ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కు తీగ పోతుందో రాసుకున్నట్లే, హాల్‌లో ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకు ఏ పేరుగల సిగ్నల్ పోతుందో ఒక్కో వాక్యంగా రాసి ఉంటుంది. వైరింగు చదవగలవారు దీన్ని రెండు రోజుల్లో చదవగలరు. హాల్‌షో ద్వారా ఏ పిన్ను స్థితినైనా నడుస్తుండగానే చూడవచ్చు. హాల్‌స్కోప్ ఆసిలోస్కోప్ లాగా సిగ్నళ్లను గీసి చూపిస్తుంది.

థ్రెడ్‌లో ఫంక్షన్ల వరుస ముఖ్యం. ముందు కార్డు నుంచి చదవడం, తర్వాత మోషన్ కమాండ్ హ్యాండ్లర్, మోషన్ కంట్రోలర్, ఆ తర్వాత పీఐడీ (తేడాను సరిదిద్దే లెక్క), చివర కార్డుకు రాయడం. చేతితో మార్పులు చేసేటప్పుడు ఈ వరుస తారుమారైతే ఎర్రర్ ఏమీ రాదు. ప్రతి ఆదేశం ఒక మిల్లీసెకను ఆలస్యంగా అమలవుతుంది. సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంలో ఆ మిల్లీసెకను 0.05 మిల్లీమీటర్లు. సర్వోలు ట్యూన్ కాకుండా సతాయిస్తుంటే గెయిన్‌లు మార్చడానికి ముందు ఈ వరుసను చూడాలి.

స్కేల్ విలువను (మిల్లీమీటరుకు పల్సులు) లెక్కతో ఇవ్వండి; మన ఉదాహరణలో 320. పల్సు వెడల్పు, డైరెక్షన్ సెటప్ సమయం మీ డ్రైవ్ డేటాషీట్ నుంచి తీసుకోండి, సందేహం ఉంటే ఎక్కువే ఇవ్వండి. డైరెక్షన్ సమయం చాలకపోతే దిక్కు మారిన ప్రతిసారీ ఒక్కో స్టెప్ పోతూ జాబ్ నెమ్మదిగా ఒక వైపుకు జరుగుతుంది. పల్సుల జనరేటర్ అయిన స్టెప్‌జెన్‌కు ఇచ్చే గరిష్ఠ యాక్సిలరేషన్ యాక్సిస్ యాక్సిలరేషన్ కంటే కొంత ఎక్కువ ఉండాలి, లేకుంటే అది వెనుకబడి ఫాలోయింగ్ ఎర్రర్ (ఆదేశించిన స్థానానికీ చేరిన స్థానానికీ తేడా హద్దు దాటడం) వస్తుంది. ఈ ఫాలోయింగ్ ఎర్రర్ గురించి ఒక అపోహ బలంగా ఉంది. ఎన్‌కోడర్ లేని స్టెప్పర్‌లో ఈ ఎర్రర్ పల్సుల జనరేటర్ వెనుకబడిందని మాత్రమే చెబుతుంది. మోటారు స్టెప్పులు కోల్పోయిందా లేదా అన్నది దానికి తెలిసే వీలు లేదు. ఎర్రర్ రాలేదు కనుక పొజిషన్ సరిగా ఉందనుకోవద్దు.

మొదటి కదలిక

మోటార్లను స్క్రూల నుంచి విడదీసి మొదటిసారి తిప్పండి. దిక్కు, ఎమర్జెన్సీ స్టాప్, లిమిట్లు అన్నీ ఆ స్థితిలోనే తేల్చుకోవాలి. ఎక్స్ ప్లస్ అంటే జాబ్‌కు సంబంధించి టూల్ కుడివైపుకు పోవడం. టేబుల్ కదిలే మెషీన్‌లో టేబుల్ ఎడమకు పోవాలి. చాలామంది టేబుల్‌ను చూస్తూ దిక్కు పెట్టి, అద్దంలో చూసినట్లు తిరగబడిన జాబ్‌ను తీస్తారు.

కప్లింగ్ బిగించాక స్కేల్‌ను కొలతతో సరిచూడాలి. టేబుల్‌పై స్లిప్ గేజ్ పెట్టి, డయల్‌ను స్పిండిల్‌కు బిగించి, గేజ్ ముఖాన్ని తాకి సున్నా చేసి, గేజ్ తీసి ఆ దూరమే కదిలించి చూడండి. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి తాకితే ప్లే లెక్కలో కలవదు. తర్వాత యాక్సిలరేషన్. తక్కువ నుంచి మొదలుపెట్టి పెంచుతూ, ప్రతి దశలో ఈ పరీక్ష చేయండి: డయల్‌ను సున్నా వద్ద పెట్టి, టేబుల్ డయల్‌కు దూరంగా వెళ్లి చిన్నవీ పెద్దవీ కలిసిన ర్యాపిడ్ కదలికలను వందలసార్లు చేసి తిరిగి అదే చోటికి వచ్చే ప్రోగ్రామ్ రాసి నడపండి. డయల్ మళ్లీ సున్నాకు రాకపోతే స్టెప్పులు పోతున్నాయి. తప్పిన చోటు నుంచి వేగాన్నీ యాక్సిలరేషన్‌నూ కనీసం పావు వంతు తగ్గించి అక్కడ స్థిరపరచండి. కటింగ్ లోడు, చలికాలపు ఉదయం గట్టిపడిన స్లైడ్ ఆయిల్ ఆ మిగులును తినేస్తాయి.

హోమింగ్ వరుసలో జెడ్ ముందు పైకి పోవాలి, తర్వాతే ఎక్స్, వై. స్విచ్‌ను వేగంగా వెతికి, వెనక్కి వచ్చి, నెమ్మదిగా మళ్లీ తాకే రెండో కదలిక నుంచే ఖచ్చితత్వం వస్తుంది. దాని వేగం తక్కువగా ఉంచండి.

డ్రాయింగు నుంచి జి-కోడ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే ప్రోగ్రామ్‌లలో వేలకొద్దీ చిన్న గీతలుంటాయి. ప్రోగ్రామ్ మొదట్లో జి64 పి0.02 వంటి టాలరెన్స్ ఇస్తే మూలలను అంత మేరకే గుండ్రం చేస్తూ ఆగకుండా సాగుతుంది; పి లేకుండా ఒట్టి జి64 వేస్తే వేగం కోసం మూలను ఎంత కోసేస్తుందో హద్దు ఉండదు. పదునైన మూల కావలసిన చోట జి61.

నడిచే రోజుల్లో

ఎప్పుడైనా తెరపై ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే’ అనే హెచ్చరిక కనిపిస్తే ఓకే నొక్కి ముందుకు పోవద్దు. ఆ హెచ్చరిక లినక్స్‌సిఎన్‌సిని తెరిచిన ఒక్కో దఫాలో ఒక్కసారే చూపబడుతుంది; తర్వాత ఆలస్యం ఎన్నిసార్లు జరిగినా మౌనంగానే ఉంటుంది. అప్పుడు కొత్తగా ఏం మారిందో వెతకాలి: ఎవరైనా పెన్‌డ్రైవ్ పెట్టారా, వైఫై డాంగిల్ గుచ్చారా, బయోస్ బ్యాటరీ అయిపోయి సెట్టింగులు పాతవాటికి పోయాయా, ఫ్యాన్‌లో దుమ్ము చేరి ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తగ్గించుకుంటోందా. పాత ఆఫీసు కంప్యూటర్లలో చివరి రెండూ తరచుగా జరుగుతాయి. క్యాబినెట్‌కు ఫిల్టర్ ఉన్న ఫ్యాన్ పెట్టి, ఆ ఫిల్టర్‌ను వారానికోసారి దులపండి. గ్రైండింగ్ జరిగే షెడ్డులో ఇనుప ధూళి మదర్‌బోర్డుపై చేరితే అది పనిచేసే రోజులు ఎక్కువ ఉండవు.

ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపివేయండి. కెర్నెల్ మారితే జిట్టర్ మారవచ్చు. అందుకే అప్‌డేట్ చేయవలసి వచ్చినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా, హిస్టోగ్రామ్‌ను పూటంతా నడిపి చూశాకే జాబ్ ఎక్కించాలి. మెషీన్ సరిగా పనిచేస్తున్న రోజునే డిస్కును మొత్తంగా మరో ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసి, దానితో ఒకసారి బూట్ చేసి మెషీన్ నడుస్తోందని నిర్ధారించుకోండి. ఐఎన్ఐ, హాల్ ఫైళ్లను కాగితంపై ముద్రించి, బయోస్ సెట్టింగుల ఫొటోలతోనూ వైరింగు డ్రాయింగుతోనూ కలిపి ఒక ఫైలులో పెట్టి, ఆ ఎస్‌ఎస్‌డీతో పాటు ఆఫీసు బీరువాలో ఉంచాలి.